తాళాల గుత్తిలో బూట్‌లోడర్

తొమ్మిదో తరగతిలో బడికీ నాకూ మాటలు ఆగిపోయాయి. ముందు అలిగింది ఎవరో ఇప్పుడు గుర్తులేదు. ఆ తర్వాత నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేస్తూ బతికాను. ఈమధ్యే కళ్లు స్క్రూలను వెతకడం మానేశాయి కాబట్టి నేనూ పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి "సాంబన్నా, ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. నేర్చుకోవలసిందంతా ఫోన్లోనే ఉందని వాళ్లకీ తెలుసు. ఫోన్లో దొరకనిది ఒకటుంది, అది రాసిపెడుతున్నాను. కుర్చీ లాక్కుని కూర్చోండి. ఎవరికైనా ఆవలింత వస్తే అటు తిరిగి ఆవలించండి.

నిద్రకూ మెలకువకూ మధ్య

మధ్యాహ్నం పడుకుని సాయంత్రం లేచినప్పుడు మనిషికి ఒక క్షణం ఏదీ తెలియదు. ఇది ఏ ఊరు, పొద్దునా సాయంత్రమా, నేనెవర్ని, ఇంకా బడికి పోవాలా? కళ్లు తెరిచే ఉంటాయి, లోపల మనిషి మాత్రం ఇంకా వచ్చి ఉండడు. తర్వాత ఎవరో వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడవుతుంది. ఓహో, ఇది మా ఇల్లే అనుకుంటాం.

కంప్యూటరు కూడా అంతే. స్విచ్ నొక్కగానే లేస్తుంది కానీ, తానెవరో దానికి తెలియదు. అప్పుడు ఒక చిన్న ప్రోగ్రాం దాని చెవి దగ్గర చేరి, "ఇదిగో, నీ సిస్టమ్ ఈ డిస్కులో ఈ గదిలో ఉంది, పద" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. దాన్నే బూట్‌లోడర్ అంటారు. అది లేకపోతే డిస్కులో ఎంత సరుకున్నా మిషను నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంటుంది.

విండోస్ ఎక్కించేటప్పుడు దీని గురించి మనల్ని ఎవరూ అడగరు. విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్సు మాత్రం మర్యాదగా అడుగుతుంది. ఎక్కించేటప్పుడు ఒక పేజీలో, అట్టడుగున, "బూట్‌లోడర్‌ను ఏ డిస్కులో పెట్టమంటారు?" అని చిన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. పెళ్లిలో మూలన నిలబడ్డ దూరపు చుట్టంలా ఉంటుంది ఆ ప్రశ్న. ఎవరూ పలకరించరు, అందరూ దాన్ని దాటుకుని భోజనాల దగ్గరికి పోతారు. నేను చూసిన తిప్పల్లో సగం ఆ చుట్టాన్ని పలకరించకపోవడం వల్ల వచ్చినవే.

మా కోటయ్య గారు

నాకు పని నేర్పిన షాపు యజమాని కోటయ్య గారు. మంచి హస్తవాసి ఉన్న మనిషి. చెడిపోయిన మిషనును వేలితో తట్టి, పుచ్చకాయను చూసినట్టు చూసి, "ర్యాము" అనేవాడు. ర్యామే అయ్యేది. కొత్త మిషనుకు అగరొత్తి తిప్పందే కరెంటు ఇచ్చేవాడు కాదు. అగరొత్తి నుసి ఫ్యానులో పడి కొన్ని మిషన్లు త్వరగా మా దగ్గరికి తిరిగి వచ్చేవి. దాన్ని ఆయన దేవుడి దయ అనేవాడు.

ఆయనకు ఒక నమ్మకం ఉండేది. ఆ పెట్టెలోని డిస్కుల జాబితాలో పైనున్నదే పెద్దది. "ఒరేయ్ సాంబా, భోజనాల బంతిలో ముందు కూర్చునేది ఎవర్రా? ఇంట్లో పెద్దోడు. ఇక్కడా అంతే. మొదటి పేరే హార్డ్‌డిస్కు. కళ్లు మూసుకుని కొట్టెయ్" అనేవాడు. చాలా రోజులు ఆ మాట నిజమైంది కూడా. అదే వచ్చిన చిక్కు. ఎప్పుడూ తప్పే మాటను ఎవరూ నమ్మరు. ఎప్పుడో ఒకసారి తప్పే మాటే మనల్ని ముంచుతుంది.

కానీ ఇంటికి చుట్టం వచ్చిన రోజున బంతిలో ముందు ఎవరిని కూర్చోబెడతారు? చుట్టాన్ని కదా! లినక్సు ఎక్కించడానికి మనం గుచ్చే పెన్‌డ్రైవు ఆ ఇంటికి చుట్టం. కొన్ని మిషన్లు దాన్ని జాబితాలో అందరికన్నా పైన కూర్చోబెడతాయి. కోటయ్య గారు కళ్లు మూసుకుని కొట్టిన రోజున జరిగింది అదే.

రెంటచింతల

రెంటచింతల బస్టాండు ఎదురుగా అనసూయమ్మ అని ఒకామె జిరాక్సు, డీటీపీ షాపు నడుపుతుంది. పెళ్లికార్డులు, శ్రద్ధాంజలి బోర్డులు, చర్చి పాటల కాగితాలు, ఆధార్ కాపీలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఆమె భర్త వరికోత మిషనుతో పంట వెంట జిల్లాలు తిరుగుతాడు. షాపులో కంప్యూటరు కొన్నది ఆమె బావగారు, అంటే భర్త అన్న, నరసింహారావు గారు. ఊళ్లో రాజకీయం ఉన్న మనిషి. కొనిచ్చింది ఆయన, పని నేర్చుకుని షాపును నిలబెట్టింది ఈమె. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మధ్యే నడుస్తుంది.

జిరాక్సు షాపుకు అసలు శత్రువు ఎండ కాదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో నిలబడి ఈ మాట అనడానికి ధైర్యం కావాలి, అయినా అంటున్నాను. అసలు శత్రువు జనం తెచ్చే పెన్‌డ్రైవులు. ఒక్కో పెన్‌డ్రైవులో ఒక్కో వైరస్ కాపురం పెట్టి ఉంటుంది. అందుకని పాత డిస్కు తీసేసి, కొత్తది వేసి, ఆ వైరస్‌లు అంటని లినక్సు ఎక్కించమని అడిగింది అనసూయమ్మ. కోటయ్య గారు స్వయంగా వెళ్లి ఎక్కించి, అగరొత్తి తిప్పి, మా షాపు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వచ్చేశాడు. మర్నాడు ఆమె ఫోను.

"ఏందండీ కోటయ్య గారూ, నిన్న నవ్వుకుంటా మాట్లాడిన మిషను ఇయ్యాల నన్నెరగనట్టు చూస్తంది?"

నన్ను పంపాడు. మాచర్ల బస్సు పిడుగురాళ్ల దాటాక సున్నపు బట్టీల తెల్లదుమ్ము కిటికీలోంచి వచ్చి, బస్సులో అందర్నీ ఒకే వయసు వాళ్లను చేసింది. రెంటచింతలలో దిగేసరికి రోడ్డు మీద గాలి నీళ్లలా కదులుతోంది. ఎదురుగా ఉన్న షాపు కూడా ఆ నీళ్లలో తేలుతోంది. గుమ్మంలో నిలబడ్డ అనసూయమ్మ మోకాళ్ల కింద కనిపించలేదు. దేవకన్యేమో అనుకున్నాను. దగ్గరికి పోయాక అరిచింది, మనిషే.

మళ్లీ మొదట్నుంచీ ఎక్కిద్దామని మిషనుకు, కోటయ్య గారు ఇచ్చి పంపిన అదే పెన్‌డ్రైవు గుచ్చి స్విచ్ నొక్కాను. మిషను ఏ గొడవా లేకుండా తెరుచుకుంది. నిన్నటి ఫైళ్లు, తెర మీద నిన్నటి బొమ్మ, అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవు తీసి మళ్లీ స్విచ్ నొక్కాను. నల్లతెర, తెల్లగీత. సంగతి అర్థమైంది. సిస్టమంతా హార్డ్‌డిస్కులోనే ఉంది, దాని దగ్గరికి దారి చూపించే బూట్‌లోడర్ మాత్రం పెన్‌డ్రైవులో పడింది. దారి చూపించేవాడు మా కోటయ్య గారి జేబులో నరసరావుపేట వచ్చేశాడు.

"ఒక్క కమాండు అమ్మా, ఇప్పుడే లోపల పెట్టేస్తా" అన్నాను.

ఆమె నా చేతిలో పెన్‌డ్రైవు వంక చూస్తూ ఉంది. "ఉండన్నా. ఇది లేకపోతే ఇంకెవురూ దీన్ని తెరవలేరా?"

"తెరవలేరు."

"వేరే పెన్‌డ్రైవు పెడితే?"

"పెట్టి పూజ చేసినా తెరుచుకోదు."

"తెరుచుకున్నాక దీన్ని తీసేస్తే?"

"అప్పుడేం కాదు. బండి తాళమైతే నడుస్తుండగా తియ్యకూడదు, దీన్ని తియ్యొచ్చు."

ఫ్యాను తిరుగుతోంది, వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు మారుస్తోంది. ఆమె నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసింది.

"అయితే ఇట్టాగే ఉంచు."

కారణం నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఆమె భోజనానికి ఇంటికి పోగానే బావగారి మనుషులు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. వాళ్ల కాగితాలు కొట్టుకుంటారు, చోటు చాలకపోతే కనపడ్డ ఫైలు తీసేస్తారు. ఒకసారి ఎవరి పెళ్లికార్డో అట్లాగే పోయింది. అడిగితే బావగారు, "మిషన్ కొన్నది ఎవురమ్మాయ్? ఎన్నికలు రానియ్, దీన్ని మా ఇంటికే పట్టకపోతా" అంటున్నాడు.

"పట్టుకుపోతే నేను బస్టాండులో కూర్చుని చేత్తో రాయాల అన్నా పెళ్లికార్డులు" అంది. నవ్వుతూనే అంది.

నేను గుత్తిలో పెన్‌డ్రైవు కట్టడానికి దారం వెతికిచ్చాను. "పసుపు కుంకుమ లోపలికి పోకుండా పెట్టుకో తల్లీ. ఇంకోమాట, ఇది ప్లాస్టిక్కు. ఒకనాడు చచ్చిద్ది. ఆరోజు నాకు కబురు చెయ్యి" అని చెప్పి వచ్చేశాను. కోటయ్య గారికి కొత్త పెన్‌డ్రైవు కొనిచ్చి, పాతది ఎండకు చచ్చిందని చెప్పాను. రెంటచింతల ఎండ మీద ఏ నేరం మోపినా ఎవరూ సాక్ష్యం అడగరు.

ఆ కొద్ది సెకన్ల గురించి

ఇక్కడ కాస్త ఆగి పని సంగతి ఒకటి చెప్పాలి.

బూట్‌లోడర్ ముందు ఒక పట్టీ చూపిస్తుంది. ఏది తెరవమంటారు, లినక్సా, విండోసా, పాత లినక్సా? కొన్ని సెకన్లు చూస్తుంది. మీరు ఏమీ నొక్కకపోతే తనకు తోచిన దాన్నే తెరుస్తుంది. ఆ సెకన్లు ఎన్నో మనమే రాసిపెట్టొచ్చు. అందరికీ తొందర. రొంపిచెర్ల నుంచి వచ్చే ఒక మాస్టారు, "సున్నా పెట్టు సాంబయ్యా, నాకు టైము లేదు" అని నాచేత సున్నా పెట్టించుకున్నాడు. తర్వాత ఒకరోజు ఆయనకు రెండో సిస్టమ్ కావలసి వచ్చింది. ఆ పట్టీని పట్టుకోవడానికి కీబోర్డు ముందు కప్పను పట్టేవాడిలా వంగి కూర్చున్నాడట. చివరికి మా షాపుకు వచ్చి, టైము లేని మనిషి పూటంతా కూర్చున్నాడు.

నాకు ఆ పట్టీ అంటే ఇష్టం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, కింద తగ్గిపోతున్న అంకె. ఇంకా ఏదీ మొదలవలేదు, ఏదైనా మొదలవచ్చు. షాపులో ఎవరూ లేని మధ్యాహ్నాలు నేను ఆ అంకె తగ్గకుండా ఒక కీ నొక్కి, పట్టీని అట్లా నిలబెట్టి చూస్తూ ఉండేవాణ్ణి. బయట రోడ్డు మీద పత్తి లారీ పోతే షట్టరు సన్నగా మోగేది. నేను బడి మానకుండా ఉంటే ఒక వరుస, మానినందుకు ఒక వరుస, రెండూ ఆ తెర మీద రాసి ఉన్నట్టు అనిపించేది. కోటయ్య గారు చూసి "ఏందిరా, తెరను చూసి ధ్యానమా? ఎంటర్ కొట్టు" అనేవాడు. కొట్టేవాణ్ణి.

మీరు సున్నా పెట్టకండి. మనిషికైనా మిషనుకైనా లేచాక కాస్త వ్యవధి ఉండాలి.

బావగారి అరుగు మీద

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నరసింహారావు గారు అన్నంత పనీ చేశాడు. అనసూయమ్మ ఇంట్లో ఉన్నప్పుడు మనుషుల్ని పంపి, మిషను ఎత్తించి తన ఇంటి అరుగు మీద పెట్టించాడు. స్విచ్ నొక్కితే నల్లతెర, తెల్లగీత. ఊళ్లో ఉన్న పెన్‌డ్రైవులన్నీ గుచ్చి చూశారట. మా షాపుకు ఫోను చేశాడు. కోటయ్య గారు నన్నే పంపాడు. "పెద్దమనిషి, చూసి చేసిరా" అన్నాడు.

అరుగు మీద పందిరి, పందిరి కింద జనం, బల్ల మీద మిషను. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూపించినట్టు నాకు చూపించారు.

నిజం చెప్తాను. ఒక్క కమాండుతో అయిపోయే పని. నా సంచిలో కోటయ్య గారి కొత్త పెన్‌డ్రైవు ఉంది. చేశానంటే సాయంత్రం బస్సుకు ఇంట్లో ఉంటాను. చేశానంటే అనసూయమ్మ షాపు ఆ పూటతో మూతపడుతుంది. చెయ్యడం రాదని అబద్ధం ఆడదామా అనుకున్నాను. పనివాడు తన పని గురించి అబద్ధం చెబితే ఇంకోడు వచ్చి నిజం చేసిపెడతాడు, అంతకుమించి ఏమీ జరగదు.

మూత కూడా విప్పకుండా అన్నాను. "మిషన్ బాగానే ఉందండీ. దీని తాళం ఇక్కడ లేదు."

"కంప్యూటరుకు తాళమేందయ్యా?" అన్నాడు నరసింహారావు గారు.

"దీనికి ఉంది. మీ మరదలు గారి తాళాల గుత్తిలో ఉంది."

నరసింహారావు గారు మిషనును వదిలి నా వంక తిరిగాడు.

"నువ్వు రిపేరోడివిగా. తాళం లేకుండా తెరవలేవా?"

"తెరవగలనండీ. కానీ డబ్బా మీది. లోపలుండేవి జనం ఆధార్లు, పాసుపుస్తకాల కాపీలు, సగం కొట్టిన పెళ్లికార్డులు. అవి జనం ఆమె చేతికిచ్చారు. ఆమె వచ్చి తెరవమంటే తెరుస్తా. మీరు తెరిపించారని రేపు ఊళ్లో ఎవురైనా అంటే, ఎన్నికల్లో మీకే ఇబ్బంది."

చివరి మాట అక్కడికక్కడే తోచింది. దేవుడు నోటికి కొన్నిసార్లు చదువు ఇస్తాడు.

కబురు పోయింది. అనసూయమ్మ వెంటనే రాలేదు, పొయ్యి మీద కూర ఉందట. వచ్చాక పందిరి కింద నిలబడి, చెమట తుడుచుకుని, "ఏంది బావగారూ, పిలిచారంట?" అంది.

"ఏమ్మాయ్, ఇంట్లో మనుషుల దగ్గర కూడా తాళాలేందమ్మా?"

"ఇంట్లో మనుషులకి బువ్వ పెడతా బావగారూ. తాళం షాపుది." గుత్తి నడుముకే ఉంది, చెయ్యి దాని మీదే ఉంది. "మీ కరపత్రాలు, ఓటరు స్లిప్పులు నేను కొట్టిపెడతా. ఎవుళ్లకన్నా ముందు మీవే కొడతా. కానీ నా షాపులో, నా కుర్చీలో కూర్చుని కొడతా."

"ఇక్కడ కొడితే ఏం?"

"ఇక్కడ మిషనొక్కటే ఉంది. పని అక్కడుంది."

వెనక బీడీ కాలుస్తున్న ముసలాయన ఒకడు దగ్గుతూ నవ్వాడు. "ఊరి తాళాలన్నీ నీ మొలతాడుకే ఉన్నయ్యనుకున్నాం గదరా నరసిమ్మా, అసలుది మరదలు పట్టుకుపోయిందే!"

పందిరంతా నవ్వింది. నరసింహారావు గారు రాజకీయం తెలిసిన మనిషి. జనం నవ్వినప్పుడు వాళ్లకన్నా గట్టిగా నవ్వాలని తెలుసు. నవ్వాడు. "మా అనసూయంటే ఏమనుకున్నార్రా, అది మా ఇంటి కోడలు! ఎత్తండ్రా మిషన్ను, షాపులో పెట్టి రండి" అన్నాడు. ఎత్తుకుపోయిన మనుషులే ఎత్తుకొచ్చారు. వెనక ఆమె, ఆమె వెనక నేను, ఎండలో ముగ్గురు నలుగురం నీడల్లా నడిచాం. షాపులో ఆమె పెన్‌డ్రైవు గుచ్చింది. పట్టీ వచ్చింది, అంకె తగ్గింది, మిషను కళ్లు తెరిచింది. ఆమె పెన్‌డ్రైవు తీసి గుత్తిని మళ్లీ నడుముకు దోపుకుంది.

ఆ ఎన్నికలో ఆయన గెలిచాడో లేదో నేను అడగలేదు. కరపత్రాల్లో అచ్చుతప్పులు మాత్రం లేవు.

కోటయ్య గారికి జరిగిందంతా చెప్పేశాను, ఎండకు చావని పాత పెన్‌డ్రైవుతో సహా. ఆయన చాలాసేపు స్క్రూడ్రైవరుతో చెవి గోక్కున్నాడు.

"తప్పు నాదని ఆ పెద్దమనిషికి చెప్పావట్రా?"

"చెప్పలేదండీ. తాళం అన్నాను."

"అయితే తాళమే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ చిన్న పెట్టెలో జాబితా అంతా కిందిదాకా చదివి గానీ ఎంటర్ కొట్టలేదు. డిస్కు పేరు చూడడు, సైజు చూస్తాడు. మీరూ అంతే చెయ్యండి. పేర్లు తారుమారవుతాయి. ఎంత పెద్దదో చూస్తే ఇంటివాడెవడో, చుట్టమెవడో తెలిసిపోతుంది.

నేను చేసింది సరైనదేనా అని ఒక్కోసారి అనుకుంటాను. డబ్బు పెట్టి కొన్న మనిషి చెప్పిన పని చెయ్యకుండా వచ్చాను. ఇంకో పనివాడు చేసి ఉంటే అతన్ని తప్పు పట్టను. కానీ మిషను తెరిచే ముందు అది ఎవరిది అని ఒక్కటే అడిగితే చాలదు, లోపలున్నవి ఎవరివి అని కూడా అడగండి. చాలాసార్లు రెండు పేర్లు వస్తాయి.

చివరి పని

నేను పని మానే రోజుల్లో అనసూయమ్మ నరసరావుపేట వచ్చింది. గుత్తి బల్ల మీద పెట్టింది. పెన్‌డ్రైవు మూత పోయి, ఒళ్లంతా ఎలక్ట్రికల్ టేపుతో కట్లు కట్టుకుని, యుద్ధం నుంచి వచ్చినట్టుంది.

"ఒక్కోపూట పలకట్లేదన్నా. ఇంక దాన్ని లోపలే పెట్టెయ్."

"మీ బావగారు?"

"పెద్దోడైపోయాడు. మోకాళ్లు లేవట్లేదు. మధ్యాహ్నం షాపులో కూలరు కింద కూర్చుంటాడు. పొద్దున్నే షట్టరు కూడా ఆయనే తీస్తన్నాడు, నేను పని చేసుకుని వచ్చేలోపు."

రెంటచింతల వెళ్లాను. మిషను అదే. ఫ్యాను మారింది, ర్యాము మారింది, డబ్బా అదే. పెన్‌డ్రైవుతో తెరిచి, ఎన్నో ఏళ్ల కిందట ఒక్కటే అన్న కమాండు కొట్టాను. పని పూర్తయింది, ఏ తప్పూ దొరకలేదు అని మిషను ఒక వరుస రాసింది. ఇన్నేళ్లలో ఆ వరుస ఎన్నిసార్లు చూశానో, ఆ రోజు మాత్రం అది నాకోసమే రాసినట్టు అనిపించింది. కళ్లు మసకబారాయి. అవి ముందే పాడైన కళ్లు, లెక్కలోకి రావు.

"ఇంకోటి చెయ్యన్నా. ఆ అంకె తగ్గకుండా, ఎవురో వచ్చి నొక్కిందాకా అట్టాగే నిలబడేటట్టు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"పెట్టు."

పెట్టాను. అదే నా ఆఖరి పని. ఇక అవసరం లేని ఆ పెన్‌డ్రైవును ఆమె గుత్తితోపాటు మళ్లీ నడుముకు దోపుకుంది.

తర్వాత ఒకరోజు ఆమె ఫోను చేసింది. ఆరోజు షాపుకు రావడం కాస్త ఆలస్యమైందట. అప్పటికే బావగారు షట్టరు తీసి, మిషను స్విచ్ నొక్కి కూర్చున్నాడు. ఆ రోజుల్లో అరుగు మీద నల్లతెర చూసిన మనిషి ఆయన. ఇప్పుడు ఎదురుగా పట్టీ వచ్చి నిలబడి ఉంది. చీకటి షాపులో ఆ తెల్లటి అక్షరాల వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. కీబోర్డు ఆయన చేతి దగ్గరే ఉంది.

"నన్ను చూసి ఏమన్నాడో తెలుసా అన్నా? 'ఏమ్మాయ్, తాళం తెచ్చావా? నువ్వొచ్చిందాకా ఇది తెరుచుకోదుగా, అందుకే కూర్చున్నా' అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"గుత్తి తీసి పెన్‌డ్రైవు గుచ్చా. ఆయన కుర్చీలోంచి లేచాడు." ఫోనులో కూలరు చప్పుడు వినిపిస్తోంది. "తాళం అక్కర్లేదని ఆయనకు తెలిసిపోయిందంటావా అన్నా?"

"ఎంటర్ ఎవురు కొట్టారు తల్లీ?"

"నేనే."

"మరింకేంది? పని చూసుకో" అన్నాను.